కోవిల్‌పట్టి పటాలు: జీవితాంతం సాగిన చదువు

తెలుగు సాహిత్యం చదువుకొన్నవారికి శ్రీవిల్లిపుత్తూరు కొత్త ఊరు కాదు. శ్రీకృష్ణదేవరాయల 'ఆముక్తమాల్యద'లోని విష్ణుచిత్తుడు, గోదాదేవి ఆ ఊరివారే. నేడు అది తమిళనాడులోని విరుదునగర్ జిల్లాలో ఉంది. కావ్యంలో విష్ణుచిత్తుడు పూలతోట పెంచి, మాలలు కట్టి స్వామికి సమర్పించేవాడు. మధురకు వెళ్ళి పాండ్యరాజు సభలో వాదించమని స్వామి ఆజ్ఞాపించినప్పుడు తనకు అంతటి శాస్త్రపాండిత్యం లేదని వెనుకాడతాడు. తర్వాత దైవానుగ్రహంతో వెళ్ళి గెలుస్తాడు. చేతిపని చేసుకొనేవాడు పండితసభలో నిలబడిన కథ అది.

ఆ కథలో చదువు ఒక్కసారిగా వచ్చిన వరం. అదే ప్రాంతంలో, విరుదునగర్‌కు దక్షిణంగా రైలుమార్గం మీద ఉన్న కోవిల్‌పట్టిలో, వరంగా కాక రోజుకు కొంచెంగా, జీవితాంతం చదువు సంపాదించిన చిత్రకారుల చరిత్ర ఒకటి ఉంది. వారు వేసిన బొమ్మలు మనలో చాలామంది ఇళ్ళలో గోడకు వేలాడినవే. వేసినవారి పేర్లు మాత్రం మనకు తెలియవు. ఆ చరిత్రను ఈ వ్యాసంలో పరిశీలించదలచాం.

'జీవితకాల విద్య' అనే మాట ఇప్పుడు విశ్వవిద్యాలయాలలో తరచుగా వినిపిస్తున్నది. 1972 లో యునెస్కో సంస్థ వెలువరించిన నివేదిక ఒకటి చదువు బాల్యంతో ముగిసేది కాదని, మనిషి బ్రతికినంతకాలం సాగవలసినదని ప్రతిపాదించిన తర్వాత ఈ భావనకు ప్రచారం వచ్చింది. చిత్రకళ అందుకు మంచి సాధనమని విద్యావేత్తలు అంటున్నారు. ఈ మాటలన్నిటికీ ముందే కోవిల్‌పట్టిలో ఆ పని జరిగింది. అది ఎలా జరిగింది, ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్నవి మనం వేసుకోవలసిన ప్రశ్నలు.

ప్రాంత పరిచయం

మధుర నుంచి దక్షిణంగా తిరునల్వేలికి పోయే రైలు విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి స్టేషన్ల మీదుగా వెళుతుంది. ఇది నల్లరేగడి నేల. తమిళులు దీనిని 'కరిసల్ కాడు' అంటారు. పత్తి, జొన్న, సజ్జ ఇక్కడి పంటలు. వానలు తక్కువ. విజయనగర, నాయకరాజుల కాలం నుంచి ఇక్కడికి వలసవచ్చిన తెలుగు కుటుంబాలు ఊళ్ళకు ఊళ్ళుగా స్థిరపడ్డాయి. రాజపాళయం రాజులు, కమ్మనాయుళ్ళు, రెడ్డియార్లు, కంబళ నాయకులు మున్నగువారి ఇళ్ళలో తెలుగు ఇంకా వినబడుతుంది. కోవిల్‌పట్టి నేడు తూత్తుకుడి జిల్లాలోనిది. అగ్గిపెట్టెలకు, వేరుసెనగ పప్పుచెక్కకు పేరుపడ్డ ఊరు. ఆ పప్పుచెక్కకు 2020 లో భౌగోళిక గుర్తింపు కూడ లభించింది.

కోవిల్‌పట్టి సమీపంలోనే ఎట్టయపురం ఉంది. తెలుగు విద్యార్థులు ఈ ఊరిని తప్పక గుర్తుపెట్టుకోవాలి. ముత్తుస్వామి దీక్షితులు 1835 లో ఇక్కడే పరమపదించారు. ఆయన వంశానికి చెందిన సుబ్బరామ దీక్షితులు రచించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' 1904 లో ఎట్టయపురంలోనే అచ్చయింది. 1700 పుటలకు మించిన ఆ ఉద్గ్రంథం తెలుగు భాషలో, తెలుగు లిపిలో ఉంది. గురువు ఎదుట కూర్చొని వినలేనివారు కూడ స్వరలిపి సాయంతో కీర్తన నేర్చుకోగలగాలన్నది దాని ప్రయోజనం. అప్పటికి సుబ్బరామ దీక్షితుల వయస్సు అరవై అయిదు. ఇంటి విద్యను గడప దాటించి అందరి చేతికి అందించవచ్చుననే ఆలోచన ఈ నేలకు కొత్తది కాదని చెప్పడానికే దీనిని పేర్కొన్నాం. సంగీతానికి 1904 లో అచ్చుయంత్రం చేసిన మేలునే, నాలుగు దశాబ్దాల తర్వాత చిత్రకళకు శివకాశి అచ్చుయంత్రాలు చేశాయి.

కొండయ్య రాజు చదివిన నాలుగు బడులు

కోవిల్‌పట్టి చిత్రకారులకు మూలపురుషుడు సి. కొండయ్య రాజు. ఆయన 1898 లో మద్రాసు మైలాపూరులో జన్మించారు. ఆ పేరు వినగానే తెలుగువారికి మనవాడే అనిపించడం సహజం. అయితే పేరు పట్టుకొని ఆయనను మన లెక్కలో వేసుకోవడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆయన ఎలా నేర్చుకొన్నారో, ఎలా నేర్పారో అదే మనకు ముఖ్యం.

ఆయన మొదటి బడి మద్రాసు ప్రభుత్వ చిత్రకళా పాఠశాల. అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు 1850 లో ప్రారంభించిన సంస్థ అది. యూరోపియన్ పద్ధతిలో మనిషి రూపం గీయడం, వెలుగునీడలు, దూరదృశ్యం చూపడం ఆయనకు అక్కడ అబ్బాయి. సరిగ్గా ఆ తరంవాడే మన దామెర్ల రామారావు. రామారావు 1897 లో పుట్టి, బొంబాయి జె.జె. స్కూలులో చదివి, రాజమహేంద్రవరంలో చిత్రకళాశాల నెలకొల్పి, 1925 లో చిన్నవయస్సులోనే కన్నుమూశారు. ఆయన చిత్రాలు నేడు రాజమండ్రిలో ఆయన పేరిటి చిత్రశాలలో భద్రంగా ఉన్నాయి. కొండయ్య రాజు దారి వేరు. ఆయన చిత్రాలు లక్షల ప్రతులుగా ఊరూరికీ చేరి, ఏడాది తిరిగేసరికి చాలావరకు చినిగిపోయాయి.

రెండవ బడి తిరువణ్ణామలైలోని రమణాశ్రమం. కొండయ్య రాజు అక్కడ కొంతకాలం ఉండి, రమణ మహర్షి రూపాన్ని చిత్రించారు. ఎదుట కూర్చొన్న మనిషి ముఖంలో శాంతాన్ని పట్టుకోవడం పాఠశాలలో దొరికే పాఠం కాదు. తర్వాతి రోజులలో ఆయన దేవతామూర్తుల ముఖాలలో కనిపించే ప్రసన్నతను చూసినప్పుడు మాకు ఈ ఆశ్రమవాసమే గుర్తుకు వస్తుంది.

మూడవ బడి నాటక కంపెనీ. ఆయన తెరలు వేసే చిత్రకారుడుగా నాటక సమాజంతో ఊళ్ళు తిరిగారు. సురభి నాటకాలు చూసినవారికి తెర అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. అంతఃపురం తెర, వీధి తెర, అడవి తెర, కైలాసం తెర. వెనుక వరుసలో నేలమీద కూర్చొన్నవాడికి కూడ స్తంభాల వరుస లోపలికి పోతున్నట్టు కనబడాలి. రంగు దీపాల వెలుగులో వెలవెల పోకూడదు. ప్రేక్షకుడు ఎక్కడ కూర్చొంటాడో తెలుసుకొని బొమ్మ వేయడం ఆయనకు ఇక్కడ పట్టుబడింది. 1940ల తొలినాళ్ళలో ఆయన కోవిల్‌పట్టిలో స్థిరపడ్డారు.

నాలుగవ బడి ఫొటో స్టూడియో. ఆ దశాబ్దంలోనే కోవిల్‌పట్టిలో ఆయనా, ఆయన శిష్యులూ దేవి ఆర్ట్ స్టూడియో నడిపారు. ఫొటోలు తీయడం, వాటికి మెరుగులు దిద్దడం, రంగులు వేయడం, చనిపోయిన పెద్దల చిత్రాలు పెద్దవిగా వ్రాయడం అప్పట్లో ఇటువంటి స్టూడియోలలో జరిగే పనులు. మామూలు మనుషులు తమ ముఖాన్ని ఎలా చూసుకోవాలని కోరుకొంటారో అక్కడ తెలుస్తుంది.

ఈ నాలుగింటి తర్వాతనే ఆయన కేలండర్ చిత్రాలకు వచ్చారు. అప్పటికి వయస్సు నలభై దాటింది. తెరమీద పెద్దదిగా వేసినదానిని ఇప్పుడు గోడకు వేలాడే కాగితంమీదికి తేవాలి. రంగులు అచ్చుకు లొంగేటట్టు ఉండాలి. నాటకం తెరలోని స్తంభాలు, సరస్సు, పచ్చిక, కొండలు చిన్నవై దేవతామూర్తి వెనుక చేరాయి. ఫొటోలో మాదిరిగా దేవత నేరుగా మనవైపు చూసింది. కోవిల్‌పట్టి లక్ష్మి, మురుగన్, మీనాక్షి చిత్రాలలో ఈ నాలుగు బడుల చదువూ కలిసి ఉంది. 1976 లో కోవిల్‌పట్టిలోనే మరణించేవరకూ ఆయన అక్కడే ఉన్నారు.

ఇద్దరి సంతకం

ఆయన శిష్యులలో టి.ఎస్. సుబ్బయ్య, టి.ఎస్. అరుణాచలం, ఎం. రామలింగం, శ్రీనివాసన్, మీనాక్షిసుందరం, శెణ్బగరామన్ పేర్కొనదగినవారు. స్టూడియోలో ప్రవేశపరీక్ష లేదు, పట్టా లేదు. పనిలో చేరినవాడు ముందు రంగులు కలుపుతాడు, కుంచెలు కడుగుతాడు. తర్వాత ఆకాశం, నేల, పచ్చిక. ఆపైన చీర మడతలు, నగలు, కిరీటం. ముఖం చివర. ఇది మన శిల్పుల, కలంకారీ పనివారి ఇళ్ళలో కూడ ఉన్న వరుసే. ఏ మెట్టు దగ్గర ఎంతకాలం ఆగాలన్నది చేయి తిరిగినదానిని బట్టి ఉంటుంది గాని కాలనియమం ఉండదు.

అయితే పాత కార్ఖానా పద్ధతికీ దీనికీ ఒక ముఖ్యమైన భేదం ఉంది. రాజా రవివర్మ యువకుడుగా ఉన్నప్పుడు, తిరువనంతపురం ఆస్థానంలోని రామస్వామి నాయుడు తైలవర్ణాల మెళకువలు చెప్పడానికి ఇష్టపడలేదని, ఆయన శిష్యుడొకడు చాటుగా చూపాడని రవివర్మ జీవితచరిత్రలు చెబుతున్నాయి. విద్యను దాచుకోవడం ఆనాటి పోటీలో బ్రతుకుతెరువుకు రక్షణ. కోవిల్‌పట్టిలో దీనికి భిన్నమైన పద్ధతి కనిపిస్తుంది. అక్కడినుంచి వచ్చిన అనేక చిత్రాల మూలలో కొండయ్య రాజు పేరు పక్కనే సుబ్బయ్య పేరు కూడ ఉంటుంది. గురువు సంతకం కింద శిష్యుడి శ్రమ మాయమైపోవడం కళాచరిత్రలో మామూలు విషయం. ఇక్కడ రెండు పేర్లూ అచ్చయి ఇంటింటికీ వెళ్ళాయి. తర్వాత శిష్యులు తమతమ పేర్లతో చిత్రాలు వేసి జీవించారు.

కెనడా మానవశాస్త్రజ్ఞుడు స్టీఫెన్ ఇంగ్లిస్ ఈ చిత్రకారులను కలిసి పరిశోధించి వ్రాసిన వ్యాసం 1995 లో వెలువడింది. కజ్రీ జైన్ 2007 లో ప్రచురించిన గ్రంథంలో కేలండర్ చిత్రాల వ్యాపారాన్ని, వాటి వెనుక ఉన్న మనుషులను సవిస్తరంగా చర్చించారు. 'కేలండర్ బొమ్మ' అన్న మాటను విమర్శకులు తిట్టుగా వాడుతున్న కాలంలో ఈ పరిశోధకులు దానిని చరిత్రగా చదివారు. 1966 లో మద్రాసు దగ్గర చోళమండలం కళాకారుల గ్రామం వెలసినప్పుడు పత్రికలలో 'సమకాలీన కళ' అంటే ఆ చిత్రాలే. అదే సంవత్సరం ఊళ్ళలోని ఇళ్ళ గోడలమీద ఉన్న సమకాలీన కళ కోవిల్‌పట్టిది. రెండూ ఆ కాలానివే. ఒకటి ప్రదర్శనశాలలో వేలాడింది, ఇంకొకటి బియ్యం కొట్లో వేలాడింది.

శివకాశి అచ్చు, ఇంటిగోడ పాఠం

ఈ చిత్రాలు ఇంటింటికీ చేరడానికి కారణం విరుదునగర్ జిల్లాలోని శివకాశి. ఆ ఊరికి చెందిన అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అనే దాయాదులు 1920ల తొలినాళ్ళలో కలకత్తా వెళ్ళి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకొని వచ్చారు. అగ్గిపెట్టెకు చీటీ కావాలి, చీటీకి అచ్చు కావాలి. ఆ విధంగా ముద్రణ పెరిగింది. శివకాశి పరిశ్రమ కూడ ఇద్దరు పెద్దవాళ్ళు పరాయి ఊరు వెళ్ళి పని నేర్చుకోవడంతోనే మొదలైందని గమనించాలి.

రాతి అచ్చు రోజులలో చిత్రకారుడి బొమ్మను చూసి, ఏ రంగు ఎక్కడ ఎంత పడాలో అచ్చుపనివాడు చుక్కచుక్కగా విడదీసి ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాయి సిద్ధం చేయవలసి వచ్చేది. తర్వాత ఆఫ్‌సెట్ వచ్చింది. ప్రతి ఏటా ఆడి పదునెనిమిదవ నాడు శివకాశిలో రాబోయే సంవత్సరపు కేలండర్ల నమూనా ఆల్బములు విడుదల చేయడం ఆనవాయితీ. ఏజెంట్లు వాటిని పట్టుకొని ఊళ్ళు తిరుగుతారు. కొట్టు యజమాని బొమ్మను ఎంచుకొంటాడు. కింద వదిలిన ఖాళీలో ఆయన కొట్టు పేరు తమిళంలోనో, తెలుగులోనో, కన్నడంలోనో అచ్చవుతుంది.

కేలండర్ ఇంటికి వచ్చాక దాని రెండవ జీవితం మొదలవుతుంది. తారీఖులు అయిపోయినా దేవుడి బొమ్మ పారవేయడానికి చేతులు రావు. బొమ్మవరకు కత్తిరించి పటం కట్టిస్తారు. ఆ పటం ముందు అక్షరం రాని అవ్వ, అక్షరాలు దిద్దే మనుమరాలు ఇద్దరూ నిలబడతారు. ఏ దేవుడి వాహనం ఏది, ఏ చేతిలో ఏ ఆయుధం, లక్ష్మికి ఏనుగులు ఎందుకు అని మనుమరాలు అడుగుతుంది, అవ్వ చెబుతుంది. కథ అవ్వది, రూపం కోవిల్‌పట్టిది. ఆ కాగితంమీదనే తిథి, వారం, నక్షత్రం చూడడం పిల్లలకు అలవాటవుతుంది. పాత కేలండర్ బొమ్మమీద పెన్సిలుతో గళ్ళు గీసి, తెల్లకాగితంమీద అంతకు రెట్టింపు గళ్ళు గీసి, గడికి గడి పెద్దదిగా దించడమే మనలో ఎందరికో తొలి చిత్రలేఖన పాఠం. సైన్‌బోర్డులు వ్రాసేవారు చాలామంది అక్కడే ఓనమాలు దిద్దారు. కొండయ్య రాజును ఎన్నడూ చూడనివారు కూడ ఈ విధంగా ఆయనకు శిష్యులయ్యారు.

ఎవరికి అందలేదు?

ఈ చరిత్రను పొగడ్తగా ముగిస్తే సత్యానికి అన్యాయం చేసినవారమవుతాం. కోవిల్‌పట్టి చిత్రకారులుగా పేరు వచ్చినవారందరూ పురుషులే. ప్రతి ఉదయం గడపముందు ముగ్గు వేసే స్త్రీలు ఈ స్టూడియోలో కుంచె పట్టినట్టు మనకు కనబడదు. అచ్చులో ఒకే రూపం లక్షలుగా వ్యాపించడం వల్ల ఊరూరా వేరువేరుగా ఉన్న గ్రామదేవతల రూపాలు మరుగున పడ్డాయన్న విమర్శలో కూడ నిజముంది.

అన్నిటికంటే బాధాకరమైనది మరొకటి. ఈ ప్రాంతంలోనే అగ్గిపెట్టెల, బాణసంచా పనులలో వేలాది పిల్లలు బడికి పోకుండా పనిచేశారు. 1986 లో బాలకార్మిక చట్టం వచ్చింది. శివకాశి పిల్లల విషయమై నడిచిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పు చెప్పి, ప్రమాదకరమైన పనులలో పిల్లలను పెట్టుకొన్న యజమానులు ఒక్కొక్క బిడ్డకు ఇరవై వేల రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. అయిదేళ్ళకే పెట్టెలమీద చీటీలు అంటించిన పిల్లవాడికి పనే పాఠశాల అని చెప్పడం క్రూరత్వం. కొండయ్య రాజు నాలుగు బడులు మారగలిగారంటే, మొదటి బడి ఆయనకు దొరికింది కనుకనే. విరుదునగర్‌లో పుట్టి, చిన్నతనంలోనే చదువు మానవలసి వచ్చిన కామరాజు, ముఖ్యమంత్రి అయిన తర్వాత 1956 లో బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టించారు. తాను జీవితంలో నేర్చుకోగలిగాను కదా, పిల్లలకు బడి ఎందుకని ఆయన అనుకోలేదు. జీవితకాల విద్య బడికి కొనసాగింపు కావాలే తప్ప బడి లేకపోవడానికి సాకు కారాదు.

మనకు ఇందులో ఏమున్నది?

తెలుగు నేలకు దూరంగా ఉండి తెలుగు చదువుతున్నవారిని ఉద్దేశించి ఒకటి రెండు మాటలు చెప్పి ముగిస్తాం. ఇంట్లో తెలుగు, బడిలో మరొక భాష అన్నది మీలో చాలామంది స్థితి. తమిళనాడులో 2006 నాటి చట్టం ప్రకారం పదవ తరగతి వరకు తమిళం దశలవారీగా తప్పనిసరి పాఠ్యాంశమైంది. ఉంటున్న రాష్ట్రపు భాష నేర్చుకోవడం అవసరమే, మేలే. అయితే దానితో చాలామంది పిల్లలకు తెలుగు బడిలో దొరికే చదువు కాకుండా పోయింది. ఇక తెలుగు మిగలాలంటే కోవిల్‌పట్టి పద్ధతిలోనే మిగలాలి. ఎవరి దగ్గర ఏది ఉంటే అది చూసి, అడిగి, చేసి నేర్చుకోవాలి.

ఇది జరగని పని కాదనడానికి కోవిల్‌పట్టి పక్కనున్న ఇడైసెవల్ గ్రామమే సాక్ష్యం. తెలుగు ఇంటిభాషగా పెరిగిన కి. రాజనారాయణన్ ఆ ఊరివారు. బడిచదువు ఎక్కువగా సాగలేదు. పెద్దలు తెలుగులో చెప్పుకొన్న వలస కథలను విని, నడివయస్సులో 'గోపల్ల గ్రామం' అనే తమిళ నవలగా వ్రాశారు. అది 1976 లో వెలువడింది. దాని తర్వాతి భాగానికి 1991 లో సాహిత్య అకాడెమీ పురస్కారం లభించింది. అరవై దాటిన వయస్సులో పాండిచ్చేరి విశ్వవిద్యాలయం ఆయనను జానపద సాహిత్యానికి ఆచార్యుడుగా ఆహ్వానించింది. 2021 లో ఆయన మరణించారు. ఆయన వ్రాసినది తమిళం, విన్నది తెలుగు.

కోవిల్‌పట్టి తొలితరం చిత్రకారుల కాలం ముగిసింది. కంప్యూటర్లు, ఫ్లెక్సీలు వచ్చాక చేత్తో వేసే మూలచిత్రం అవసరం తగ్గిపోయింది. పాత బొమ్మలనే రంగులు మార్చి, నేపథ్యం మార్చి మళ్ళీ మళ్ళీ అచ్చువేస్తున్నారు. అలా మార్చేటప్పుడు మొదట తీసివేసేది మూలనున్న సంతకాన్ని. చిత్రం బ్రతికి ఉంది, వేసినవాడి పేరు చెరిగిపోతున్నది.

కనుక సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీరు ఒక పని చేయవలసిందిగా కోరుతున్నాం. పూజగదిలోని పాత పటాలను దించి, అద్దం తుడిచి, కింది మూలలు చూడండి. చిత్రకారుడి సంతకం, అచ్చువేసిన సంస్థ పేరు, కొట్టు పేరు, సంవత్సరం ఏది కనిపించినా వ్రాసిపెట్టుకోండి. ఆ పటం ఇంటికి ఎప్పుడు, ఎలా వచ్చిందో పెద్దవాళ్ళను అడగండి. తెలుగులోనే అడగండి. వాళ్ళు చెప్పినదానిని చెప్పిన మాటలలోనే తెలుగు లిపిలో వ్రాయండి. లిపి సరిగా రాకపోతే వచ్చినంతలో వ్రాయండి. ఆ వ్రాతలో తప్పులుంటే దిద్దుకోవడానికి మనకు జీవితకాలం ఉంది. చెప్పే పెద్దవాళ్ళకు మాత్రం అంత వ్యవధి లేదు.